తిప్పిన కోరపన్ను

పళ్ళసెట్ల తయారీదారుల సంఘంలో కార్యవర్గ సభ్యురాలిగా మొదటి రోజంటే బుజ్జి ఊహించుకున్నది వేరు. నలుగురూ లేచి చప్పట్లు కొడతారు, ఒక ఫోటో తీస్తారు, పెద్దవాళ్ళు నాలుగు మంచి ముక్కలు చెబుతారు, ప్లేట్లో బిస్కెట్లుంటాయి, భోజనం వేళకి ఇంటికొచ్చి పడొచ్చు. దాచుకున్న కొత్త బట్టలు కూడా అందుకే తీసింది. అక్క గుమ్మం దాకా వచ్చి, ఆ కొత్త బట్టల మీద కూడా ఎక్కణ్ణించో వచ్చి చేరిన ప్లాస్టర్ పొడి దులిపి, "కాస్త గొంతు తగ్గించి మాట్లాడవే. అందరూ నీలాగా చెవిటివాళ్ళు కారు" అంది.

బుజ్జి అంటే చిన్నపిల్ల అనుకునేరు. నలభై ఏనాడో దాటింది. పుట్టినప్పుడు ముద్దుకి పిలిచిన పేరు వదిలించుకోలేక, అప్పుడప్పుడూ విసుక్కుంటూ, మొత్తానికి దాంతోనే బతికేస్తోంది. చెవుల సంగతంటారా, మెరుగు పెట్టే మిషను పక్కన ఇన్నేళ్ళు కూర్చుంటే ఎవరి చెవులైనా మొద్దుబారతాయి. గొంతు పెద్దదవడానికి కూడా అదే కారణమని బుజ్జి అంటుంది. పుట్టుకతోనే పెద్దదని అక్క అంటుంది.

అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే ల్యాబు. డెంటిస్టులు నోటి అచ్చు పంపిస్తే దానికి సరిపడా పళ్ళసెట్టు చేసివ్వడం వాళ్ళ పని. అక్క మైనంలో పళ్ళు పేరుస్తుంది. ఆ తర్వాత సెట్టు బుజ్జి బల్ల మీదకొస్తుంది. మైనం కరిగించి, దాని చోట గులాబీ రంగు ముద్ద కూరి, నీళ్ళలో నిదానంగా ఉడకబెట్టి, అరగదీసి, అచ్చం చిగుళ్ళలాగే కనిపించేదాకా మెరుగు పెట్టేది బుజ్జి. "తెలుపు మా అక్కది, గులాబీ నాది" అని చెప్పుకోవడం ఆమెకు సరదా. ఒకరి బల్ల మీద ఒకరు చెయ్యి పెట్టరు. ఈ పని బుజ్జికి నేర్పింది కూడా అక్కే. నేర్పినంత కాలం నెత్తిన మొట్టికాయలు వేసి, నేర్పడం అయిపోయాక ఒక్క మాట కూడా అనలేదు.

ఎన్నికల్లో బుజ్జి నిలబడింది ఒకే ఒక్క మాట మీద. సందుకొక చవకబారు ల్యాబు పుట్టుకొచ్చింది. సగం ఉడికించి చేతిలో పెట్టేస్తున్నారు. జనం చిగుళ్ళు పుండ్లు పడుతున్నాయి. ఫిర్యాదొస్తే సంఘం "పోనీ, మళ్ళీ చేసివ్వండి" అని బుజ్జగించి పంపించేస్తోంది. ఇదేం పద్ధతి అన్నది బుజ్జి. ఒక్క సెట్టు చెడగొట్టినా సరే, ఆ ల్యాబుకి ఏడాది పాటు సంఘం ముద్ర ఆపెయ్యాలి అన్నది. ముద్ర లేని ల్యాబుకి ఏ డెంటిస్టూ పని పంపడు. అంటే ఏడాది పొయ్యి వెలగదు. ఆ మాట చెప్పుకుంటూ ల్యాబు ల్యాబుకీ తిరిగింది, చెప్పులరిగేలా తిరిగింది. మరి మన పని ఎలాగే అక్కా అంటే, "నడుస్తోందిలే, నువ్వు తిరుగు" అనేది అక్క. గెలిచిన రోజు ఇద్దరూ కలిసి వీధిలో అందరికీ వినిపించేంత గట్టిగా నవ్వుకున్నారు.

సంఘం ఆఫీసు టైల్స్ షాపు పైన మేడ మీద ఉంటుంది. పొడవాటి బల్ల, చుట్టూ రకరకాల కుర్చీలు, గోడ నిండా పాత అధ్యక్షుల ఫోటోలు. అందరూ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నవాళ్ళే. సొంత సరుకు చూపించుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? ఆ రోజు కొత్తవాళ్ళు ముగ్గురొచ్చారు. బుజ్జి కాక, అందరూ తాతగారు అని పిలిచే ముసలాయన ఒకడు, పూర్తిగా మిషన్ల మీద నడిచే పెద్ద ల్యాబు నుంచి వచ్చిన కంప్యూటర్ బాబు ఒకడు. ఆ బాబు వస్తూనే "నమస్తే ఆంటీ" అన్నాడు. బుజ్జికి అక్కడే ఒళ్ళు మండింది.

అధ్యక్షురాలిని వెనకాల అందరూ గంట మేడమ్ అంటారు. ఎవరైనా ఎక్కువ మాట్లాడితే బల్ల మీద గంట కొట్టి నోరు మూయించడం ఆవిడ అలవాటు. చప్పట్లు లేవు. ఫోటో లేదు. ఫ్లాస్కులో టీ ఉంది.

"ఈ సంఘం లాభం కోసం పెట్టింది కాదు. మీకు ఇక్కడ దొరికేది ఈ టీ ఒక్కటే. అదీ చల్లారిపోయింది" అంది గంట మేడమ్. ముగ్గురూ మర్యాదకి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ముందు ఒక మాట చెవిన వేసుకోండి. ఇవాళ్టి నుంచి మీరు మీకు ఓటేసినవాళ్ళ మనుషులు కాదు."

బుజ్జి ఉలిక్కిపడింది. "అదేంటి మేడమ్? వాళ్ళేగా నన్ను గెలిపించింది! వాళ్ళకి నేనేం చెప్పుకోవాలి?"

"ఏం చెప్పుకోకండి. ఈ గదిలో జరిగింది గడప దాటకూడదు. ఇంట్లో కూడా."

"ఇంట్లో కూడానా?" బుజ్జికి మతి పోయినంత పనైంది. పొద్దున లేచి పళ్ళు తోముకున్న సంగతి కూడా ఆమె అక్క దగ్గర దాచలేదు ఇంతవరకూ. "మరి మనం ఎవరి మనుషులం?"

"సెట్టు నోట్లో పెట్టుకునేవాళ్ళ మనుషులం. వాళ్ళు మనకి ఓటెయ్యరు. మనమెవరో కూడా వాళ్ళకి తెలియదు. అయినా సరే."

తాతగారు తల ఊపాడు. కంప్యూటర్ బాబు ఫోనులో రాసుకోబోతే గంట మోగింది. ఫోను జేబులోకి పోయింది.

"ఇంకొకటి. మీ ల్యాబు సంగతి గానీ, మీ ఇంటివాళ్ళ సంగతి గానీ ఈ బల్ల మీదకొస్తే లేచి బయటికి పోవాలి. ఒక్క ముక్క మాట్లాడకూడదు. సైగ కూడా చెయ్యకూడదు."

"నా ల్యాబు గురించి నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసండీ?" అంది బుజ్జి.

"ఎవరికీ తెలియదు. అందుకే బయటికి పొమ్మనేది."

ఇలా ఒక్కో మాటా నెత్తిన పడుతుంటే, కార్యవర్గం అంటే పెత్తనం అనుకుని వచ్చిన బుజ్జి కుర్చీలో కాస్త కాస్తగా కిందికి జారింది. ఇదేం ఖర్మ, నోరున్నందుకే కదా నన్ను ఎన్నుకున్నారు, ఆ నోటికే తాళం వేస్తానంటుందేంటి ఈవిడ అనుకుంది. సరే, ఏదో తర్ఫీదు, కాసేపు భరిస్తే పోతుంది.

అప్పుడు గంట మేడమ్ తెల్లని గుడ్డలో చుట్టిన పొట్లం తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. "ఫిర్యాదులు చూసేది ఎప్పుడూ కొత్తవాళ్ళే. పాతవాళ్ళకి అందరూ తెలిసినవాళ్ళే అవుతారు, మొహమాటాలు పెరిగిపోతాయి. అందుకని ఇది మన అలవాటు. ముందు పని, తర్వాత మనిషి. సెట్టు ఒక్కటే చూస్తారు. ఎవరు చేశారో మీకు తెలియదు, నాకూ తెలియదు. వాడుకున్న మనిషి కింద కూర్చుని ఉంటాడు. మీ మాట అయ్యాకే పైకి పిలుస్తాం. మొహం చూస్తే మనసు కరుగుతుంది కదా."

"ఇది మాకు తర్ఫీదేనా?" అన్నాడు కంప్యూటర్ బాబు.

"మీరు పని నేర్చుకునేటప్పుడు ఉత్తుత్తి నోటికి సెట్టు చేశారా? ఇక్కడా అంతే. ఇది నిజం ఫిర్యాదే. మీరు చెప్పిందే నిర్ణయం."

గుడ్డ విప్పగానే బుజ్జి చెయ్యి అందరికన్నా ముందు చాచింది. ఇంతసేపూ మాటలతో ఉక్కిరిబిక్కిరైన మనిషికి చేతికి పని దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. పై సెట్టు అది. తిరగేసి, అంగిలి వైపు బొటనవేలితో రాసి చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకి పట్టింది. మందంగా ఉన్నచోటల్లా లోపల బుడగలు. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకా పచ్చివాసన పోలేదు.

"చూశారా? నిదానంగా వేడెక్కాల్సిన నీళ్ళని గబగబా మరగబెట్టేశారు. లోపల ఉడకనే లేదు. ఈ పచ్చి ముద్ద చిగుళ్ళకి తగిలితే మంట, పుళ్ళు. మెరుగు చూడండి, అంచులు చూడండి, ఇసుక కాగితంతో ఊరికే అలా రాసి వదిలేశారు. చిన్నపిల్లలు కూడా ఇంతకన్నా బాగా చేస్తారు."

తాతగారు భూతద్దం కంటికి పెట్టుకుని సెట్టు అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. "ఉడుకు మాట నిజమేనమ్మా. కానీ పళ్ళ పేర్పు చూశారా? ఈ ఎడమ కోరపన్ను చూడండి. మిగతావాటి వరసలో పెట్టకుండా కొంచెం లోపలికి తిప్పారు. కావాలనే తిప్పారు. ఇలాంటిది నోట్లో పెట్టుకుంటే కట్టుడు పళ్ళని ఎవరికీ అనిపించదు. ఇది బాగా చేయి తిరిగినవాళ్ళ పని. ఏదో తొందరలో చెడిపోయినట్టుంది గానీ..."

"పళ్ళ సంగతి పక్కన పెట్టండి తాతగారూ" అంది బుజ్జి. ఆ కోరపన్ను వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "పేర్పు అందంగా ఉంటే పుండు మానుతుందా?"

"ఒకసారికి మళ్ళీ చేయించి, గట్టిగా మందలిస్తే చాలేమో ఆంటీ" అన్నాడు కంప్యూటర్ బాబు నసుగుతూ.

ఆ 'ఆంటీ' తో బుజ్జికి మళ్ళీ ఊపొచ్చింది. లేచి నిలబడింది. ఎన్నికల్లో ల్యాబు ల్యాబుకీ మోసుకెళ్ళిన మాటలన్నీ ఒక్కచోట కుమ్మరించింది. చేతకానివాడు చెడగొడితే జాలిపడొచ్చు, చేతనైనవాళ్ళు చెడగొడితే క్షమించకూడదంది. తెలిసి తెలిసి సగం ఉడికించి ఒక మనిషి నోట్లో పెట్టినవాళ్ళకి ఈ పనిలో ఉండే అర్హత లేదంది. వాళ్ళని మళ్ళీ మళ్ళీ బుజ్జగిస్తున్నందుకే మన ముద్రకి విలువ లేకుండా పోయిందంది. గొంతు కింద టైల్స్ షాపు దాకా వినిపించి ఉంటుంది. గంట మేడమ్ గంట మీద చెయ్యి వేసి కూడా కొట్టలేదు.

మొదట కంప్యూటర్ బాబు ఒప్పుకున్నాడు. తాతగారు సెట్టుని గుడ్డ మీద జాగ్రత్తగా పెట్టి, కాసేపు దాని వైపే చూసి, "మీరు ఇంత గట్టిగా చెబుతుంటే కాదనడానికి నాకు మాట దొరకడం లేదమ్మా. సరే" అన్నాడు. ఏడాది పాటు ముద్ర ఆపాలని నిర్ణయమైపోయింది. బుజ్జి కూర్చుని, చల్లారిన టీ గటగటా తాగేసింది.

"ఇప్పుడు మనిషిని పిలవండి" అంది గంట మేడమ్.

మెట్ల మీద నిదానంగా అడుగుల చప్పుడు. తలుపు తోసుకుని వచ్చినాయన్ని చూసి బుజ్జి ముందు నవ్వింది. తెలిసిన మనిషి కనబడితే నవ్వుతాం కదా, అలాగ. వచ్చింది బ్యాండు మాస్టారు. ఊళ్ళో ఏ ఊరేగింపైనా ముందు నడిచి బాకా ఊదేది ఆయనే. ఎప్పుడూ నిండుగా ఉండే బుగ్గలు ఇప్పుడు లోపలికి పోయి ఉన్నాయి. పెదాల మూలల్లో ఎర్రటి పుళ్ళు.

బుజ్జి నవ్వు సగంలో ఆగిపోయింది.

"నువ్వున్నావా తల్లీ!" అన్నాడాయన. పళ్ళు లేని నోట్లోంచి మాట జారిపోతున్నా మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య. మీ అక్క చెప్పిందిలే, నువ్వుంటావని."

గంట మేడమ్ చెయ్యి గాలిలో ఉండిపోయింది. బుజ్జి అయోమయంగా ఆయన్నే చూసింది. అక్క ఏం చెప్పింది? అక్కకి ఇక్కడేం పని?

"మాస్టారూ, ఈ సెట్టు ఎక్కడ చేయించారు?" అని అడిగింది గంట మేడమ్. అడగకపోయినా ఆయన చెప్పేసేవాడే.

"ఇంకెక్కడ? వీళ్ళ దగ్గరే. బ్యాండు ప్రోగ్రాం ఉంది, పళ్ళు లేకపోతే బాకాలోకి గాలి పోదు, నేను పీకల మీద కూర్చున్నాను. ఈ అమ్మాయి వాళ్ళక్క ఒక్కతే ఉంది ల్యాబులో. చెల్లెలు ఎన్నికల పని మీద తిరుగుతోంది మాస్టారూ, అది నేను చెయ్యి పెట్టే బల్ల కాదు అంది. నేనే వినలేదు. పాపం, తనే ఉడకబెట్టి ఇచ్చింది. పుళ్ళు పడ్డాయని చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మళ్ళీ చేసిస్తాను అంది, సరేనన్నాను. అక్కడితో అయిపోయేదే. కానీ తనే ఒప్పుకోలేదు."

"ఒప్పుకోలేదంటే?" ఆ మాట తాతగారిది.

"ముందు సంఘానికి తీసుకెళ్ళండి మాస్టారూ అంది. ఇంకొకళ్ళ తప్పులు మా చెల్లి బల్ల మీద పెట్టేముందు మా తప్పు బల్ల మీదకి రావాలి, లేకపోతే దాని మాటకి విలువేముంటుంది అంది. మరి నేనేం చెప్పాలమ్మా అక్కడ అంటే, మీరేం చెప్పక్కర్లేదు, గుడ్డ విప్పగానే అదే పట్టేస్తుంది, నా పన్ను దానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది మాస్టారూ అని నవ్వింది." ఆయన బుజ్జి వైపు తిరిగాడు. "పట్టేశావు కదమ్మా?"

బుజ్జి బల్ల మీద నుంచి సెట్టు లాక్కుంది. ఎవరో వద్దన్నారు. వినపడలేదు. ఇందాక వెలుగుకి పట్టి చూసిన సెట్టే, ముక్కు దగ్గర పెట్టుకున్న సెట్టే. ఈసారి తెలుపు వైపు తిప్పింది. ఎడమ కోరపన్ను కొంచెం లోపలికి తిరిగి ఉంది. 'దేవుడిచ్చిన నోట్లో ఏ పన్నూ స్కేలు పెట్టి గీసినట్టు ఉండదే' అంటూ, బుజ్జి ఈ పనిలోకి వచ్చిన మొదటి రోజు నుంచీ అక్క పేర్చిన ప్రతి సెట్టులోనూ తిరిగి ఉండే పన్ను. ఇన్నేళ్ళుగా తన వేళ్ళ కిందుగా వెళ్ళిన పన్ను. మెరుగు పెట్టేటప్పుడు దాని పక్కన సందు ఇరుకై బ్రష్షు దూరదని అక్కని ఎన్నిసార్లు విసుక్కుందో లెక్కలేదు.

చిన్నపిల్లలు కూడా ఇంతకన్నా బాగా చేస్తారు, అంది తను. ఈ పనిలో ఉండే అర్హత లేదు, అంది. పళ్ళ సంగతి పక్కన పెట్టండి, అంది. కుర్చీ పట్టుకుంది.

"మేడమ్, ఒక్క మాట" అంది. "ఆ రోజు నేను లేను. ఉడుకు మా అక్క పని కాదు. నేను అక్కడ ఉండి ఉంటే..."

గంట మోగింది. ఒక్కసారే, మెల్లగా.

"అమ్మా, ఇందాకే చెప్పాను. బయటికెళ్ళాలి. మాట్లాడకూడదు. మీ మాట ఇందులోంచి తీసేస్తున్నాం. మిగతా ఇద్దరూ మళ్ళీ ఆలోచిస్తారు."

"అది కాదు మేడమ్. వాళ్ళిద్దరూ మందలిస్తే చాలన్నారు! నేనే కదా వాళ్ళని..."

"బయటికి" అంది గంట మేడమ్. కఠినంగా అనలేదు. అందుకే బుజ్జి కుర్చీ వదిలి తలుపు వైపు నడిచింది.

తాతగారి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. సైగ కూడా చెయ్యకూడదు కదా.

వరండాలో గోడకి ఆనించిన బెంచీ ఒకటుంది. బుజ్జి దాని మీద కూలబడింది. కాసేపటికి బ్యాండు మాస్టారు కూడా బయటికొచ్చి పక్కన కూర్చున్నాడు. లోపల ఆయనకి విషయం చెప్పినట్టున్నారు, మొహంలో రంగు లేదు.

"ముద్ర ఆపుతారట కదా తల్లీ? నేను అదేం అడగలేదు. నాకు పళ్ళు చేసిస్తే చాలన్నాను. ఎవరన్నారమ్మా అంత మాట?"

ఆయనకి జవాబు చెప్పడానికి సంఘం నియమం ఒప్పుకోదు. నియమం ఒప్పుకున్నా నోరు రాదు. తలుపు వెనక మాటలు నడుస్తున్నాయి. తాతగారి గొంతు, ఆ బాబు గొంతు. చెవి తలుపుకి ఆనించినంత పని చేసింది. మిషను హోరులో అరిగిపోయిన చెవులు ఒక్క ముక్క కూడా పట్టలేదు. అక్క కోసం ఒక మాట సాయం చెయ్యగల మనిషి ఈ భూమ్మీద తనొక్కతే, తనొక్కతే ఆ తలుపుకి ఇవతల ఉంది. ఏడవడానికి కూడా తోచలేదు. వరండా గోడ మీది ఫోటోలో కూడా ఒక పాత అధ్యక్షుడు పళ్ళన్నీ చూపించి నవ్వుతున్నాడు.

తలుపు తెరుచుకుంది. తాతగారు బయటికొచ్చాడు, భూతద్దం ఇంకా చేతిలోనే ఉంది.

"చాలా ప్రయత్నం చేశానమ్మా" అన్నాడు. "మళ్ళీ మందలింపు మాటే ఎత్తాను. కానీ ఆ బాబు అడిగాడు, ఇందాక ఎవరిదో తెలియనప్పుడు ఏడాది సరైనదైతే, ఇప్పుడు తెలిసినంత మాత్రాన ఎందుకు తగ్గాలని. మీరు చెప్పిన మాటలే ఒక్కొక్కటీ తిరిగి చెప్పాడు. చేతనైనవాళ్ళు చెడగొడితే క్షమించకూడదని. దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా?"

లేదు. ఉంటే బాగుండునని బుజ్జి వెతికింది. తన మాటల్లో ఒక్కటీ అబద్ధం కాకపోవడం ఆమెకి అన్నిటికన్నా దారుణంగా తోచింది.

గంట మేడమ్ గుమ్మంలో నిలబడి చెప్పింది. నిర్ణయం మారలేదు. అక్కకి తనే ఫోను చేసి చెబుతుంది, వీధిలోవాళ్ళ ద్వారా తెలియకూడదు. లోపల ఎవరు ఏమన్నారన్నది మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. "నిర్ణయం తీసుకున్నప్పుడు మీ చెల్లెలు గదిలో లేదని చెబుతాను. అది నిజమే కదా" అంది. ఆవిడ దయతోనే అంది ఆ మాట.

బుజ్జి నడుచుకుంటూనే ఇంటికొచ్చింది. దారిలో ఒకరిద్దరు పలకరించారు, కార్యవర్గం ఎలా ఉందని. బాగుందంది. ల్యాబు గుమ్మం దగ్గర ఆగిపోయింది. తలుపు మీద సంఘం ముద్ర రేకు లేదు. అది ఉన్నచోట నలుచదరంగా రంగు వెలవకుండా మిగిలిపోయింది. మేకులు కూడా అక్కే పీకేసి ఉంటుంది, వరసగా కిటికీ గట్టు మీద పెట్టి ఉన్నాయి.

అక్క తన బల్ల దగ్గర కూర్చుని మైనంలో పళ్ళు పేరుస్తోంది. బ్యాండు మాస్టారి నోటి అచ్చే అది. తల ఎత్తి చూసి, "వచ్చావా? చేతులు కడుక్కో. తెలుపు అయిపోవస్తోంది. ముద్ర ఉన్నా లేకపోయినా ఆయన పళ్ళు ఆయనకి ఇచ్చెయ్యాలి కదా. ఈసారి గులాబీ నువ్వే చెయ్యి, నేను ముట్టుకోను బాబోయ్" అంది.

ఏడాది పొయ్యి వెలగదన్న మాట తెలిసిన మనిషి అలా మాట్లాడుతుందా? బుజ్జి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏంటలా దెయ్యం పట్టినట్టు చూస్తావు?" అంది అక్క. "ఫోను వచ్చింది. ఏడాదట. వెయ్యనీ. ఫోటోలకి అద్దాలు బిగించుకునో, ప్లాస్టర్ బొమ్మలు చేసుకునో బతుకుతాంలే. ఇన్నాళ్ళూ వీధి వీధీ తిరిగి నువ్వు చెప్పిన మాట అది. మన దాకా వచ్చేసరికి మాట మార్చారన్న పేరు రాకుండా పోయింది." చేతిలో మైనం కత్తి దీపం మీద వేడి చేసుకుంటూ చిన్నగా నవ్వింది. "నువ్వు గదిలో లేవని చెప్పింది ఆవిడ. నేననుకున్నాను, గుడ్డ విప్పగానే చూసి లేచిపోయి ఉంటావని. కోరపన్ను చూడగానే, కదూ? మాస్టారికి కూడా అదే చెప్పాను."

ఎంత సులువు! తల ఊపితే చాలు. ఊపకపోయినా, లోపల జరిగింది చెప్పకూడదక్కా అంటే చాలు. అది నియమం. పొద్దున్నే నేర్పించి పంపారు. ఆ నియమం వెనకాల దాక్కుంటే ఈ జన్మలో ఎవరూ బయటికి లాగలేరు. గంట మేడమ్ చెప్పదు, తాతగారు చెప్పడు. అక్క కళ్ళు మెరుస్తున్నాయి. గెలిచిన రోజు కూడా అంత మెరవలేదు.

"నేను గుర్తుపట్టలేదక్కా" అంది బుజ్జి.

"ఊరుకోవే."

"నిజంగా. ఉడుకు చూశాను. బుడగలు చూశాను. వాసన చూశాను. తాతగారు పన్ను చూపించాడు కూడా. ఇది చేయి తిరిగినవాళ్ళ పని అన్నాడు. నేను అటు చూడనే లేదు. ఏడాది ఆపాలన్నది నేనే. వాళ్ళు వద్దంటే నేనే ఒప్పించాను. మాస్టారు పైకొచ్చి చెప్పేదాకా..." గుమ్మం దాటి ఒక్క అడుగు వేసింది. "పన్ను చూడలేదక్కా. ఒక్కసారి కూడా చూడలేదు."

ముద్ర పోయిందంటే కదలని మనిషి, మేకులు వరసగా పేర్చుకున్న మనిషి, కత్తి దీపం మీద అలాగే పట్టుకుని ఉండిపోయింది. మైనం బొట్టు ఒకటి మంటలో పడి చిటపటలాడింది. మొట్టికాయ వేస్తుందేమో అనుకుంది బుజ్జి. వేస్తే బాగుండును అనుకుంది. తల వంచి కూడా చూసింది.

అక్క మొహం తిప్పుకుని, ముందున్న మైనం సెట్టు దగ్గరికి లాక్కుంది. వేడి కత్తి మొనతో ఎడమ కోరపన్ను చుట్టూ మైనం మెత్తబరిచింది. పన్ను రెండు వేళ్ళతో పట్టుకుని, మెల్లగా బయటికి తిప్పి, మిగతావాటితో సమానంగా వరసలో పెట్టింది.

"అక్కా, వద్దే" అంది బుజ్జి.

అక్క మైనం ఆరేదాకా పన్ను మీద నుంచి వేలు తియ్యలేదు. తర్వాత సెట్టు తీసుకొచ్చి చెల్లెలి బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.